కుందేలుతో ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

కుందేలును పెంచుకునేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు దాన్ని వెంటబెట్టుకుని బయల్దేరక తప్పదు. డాక్టరు దగ్గరికి కావచ్చు, ఇల్లు మారుతూ కావచ్చు, సెలవులకి కావచ్చు. కుక్కలకీ పిల్లులకీ చెప్పే ప్రయాణపు జాగ్రత్తల్లో సగం దీనికి పనికిరావు. కుందేలు అడవిలో నలుగురి నోటికీ చిక్కే ప్రాణి. అందుకే భయం వేసినా, నొప్పి పుట్టినా బయటికి కనపడనివ్వదు. దారిలో అది ఎలా ఉందో నమ్మకంగా చెప్పేవి రెండే: గడ్డి తింటోందా, పెంటికలు వేస్తోందా. ఈ పేజీలో ఉన్న సలహాల్లో చాలా భాగం ఆ రెండూ ఆగకుండా చూసుకోవడం గురించే.

అసలు కుందేలును వెంట తీసుకెళ్లడం మంచిదా, ఇంట్లో వదిలి వెళ్లడం మంచిదా?

రెండు మూడు రోజుల సరదా ప్రయాణమైతే ఇంట్లో ఉంచడమే మంచిదని నేను గట్టిగా అంటాను. కుందేలుకి కొత్త ఊరు చూడాలన్న ఆశ ఉండదు. దానికి తన మూల, తన వాసన, తన వేళలు కావాలి. అయితే ఒంటరిగా తాళం వేసి వెళ్లిపోవడం కుదరదు. ఉదయం, సాయంత్రం వచ్చి గడ్డి వేసి, నీళ్లు మార్చి, ట్రేలో పెంటికలు పడ్డాయో లేదో చూసే మనిషి ఉండాలి. ఆ మనిషికి “తినడం మానేస్తే నాకు వెంటనే ఫోన్ చెయ్యి, రేపటిదాకా ఆగకు” అని చెప్పి, డాక్టరు నంబరు రాసిచ్చి వెళ్లండి. వారాల తరబడి వెళ్లాల్సి వచ్చినా, ఇల్లు మారుతున్నా, రోజూ మందు వేయాల్సిన కుందేలైనా తీసుకెళ్లడమే నయం.

ఏ కుందేళ్లను ప్రయాణం చేయించకూడదు?

తల్లిపాలు మానని పిల్లలు, కడుపుతో ఉన్నవి, ఈమధ్యే ఆపరేషన్ అయినవి, తిండి సరిగా తిననివి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మాత్రం వేరే సంగతి, అది తప్పదు. కీళ్లనొప్పులున్న ముసలి కుందేలైతే కింద మందంగా పరిచి, ప్రయాణాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసుకోండి.

ఎలాంటి క్యారియర్ (కుందేలును మోసుకెళ్లే పెట్టె) కొనాలి?

గట్టి ప్లాస్టిక్‌ది, పైనా ముందూ రెండు తలుపులున్నది. పై తలుపు ఎందుకంటే, భయపడ్డ కుందేలు వెనక మూలకి నక్కుతుంది. ముందు నుంచి చెయ్యి పెట్టి లాగితే పెనుగులాడి వెనక కాళ్లతో తన్నుతుంది. ఆ తన్నుకి దాని నడుము ఎముకే విరిగే ప్రమాదం ఉంది, ఎందుకంటే కుందేలు వెనక కాళ్ల కండలు చాలా బలమైనవి, ఎముకలు మాత్రం చాలా తేలిక. పై నుంచైతే ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి నిదానంగా ఎత్తొచ్చు. చెవులు పట్టుకుని ఎత్తడం ఎప్పుడూ చేయకండి.

సైజు విషయానికొస్తే, కాళ్లు చాపుకుని పడుకోగలగాలి, చుట్టూ తిరగగలగాలి. అంతకంటే మరీ పెద్దదైతే బ్రేకు వేసినప్పుడల్లా లోపల జారిపోతుంది. అట్టపెట్టె అస్సలు వద్దు, ఒకసారి తడిస్తే అడుగు ఊడిపోతుంది, కొరికితే గంటలో కిటికీ అవుతుంది. గుడ్డ బ్యాగు కూడా కొరికే అలవాటున్న కుందేలుకి నప్పదు.

అడుగున జారని పరుపు తప్పనిసరి. ముందు ఒక పాత తువ్వాలు, దాని మీద పలచని ఫ్లీస్ గుడ్డ, పైన చేతినిండా ఎండుగడ్డి. తువ్వాలు ఉతికింది కాకుండా, కుందేలు రెండు రోజులు దొర్లినదే వేస్తే దాని వాసనే దానికి ధైర్యం.

క్యారియర్ చూస్తేనే పారిపోతోంది. ఎలా అలవాటు చేయాలి?

కనీసం రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టండి. క్యారియర్ తలుపు తెరిచి గదిలో ఓ మూల వదిలేయండి. లోపల ఎండుగడ్డి, దానికిష్టమైన ఆకు పెట్టి, మీరు పక్కకి వచ్చేయండి. లోపలికి నెట్టకండి. మొదట తల పెట్టి ఆకు లాక్కుని బయటికి దూకుతుంది, ఒళ్లంతా సాగదీసి వెనక కాళ్లు మాత్రం బయటే ఉంచుతుంది. కొన్నాళ్లకి లోపలే కూచుని నములుతుంది. అప్పుడు తలుపు ఒక నిమిషం మూసి తెరవండి. తర్వాత ఎత్తి గదిలో నడవండి. ఆ తర్వాత బండిలో వీధి చివరిదాకా ఒక చక్కరు కొట్టి తీసుకురండి. క్యారియర్ బయటికి తీసిన ప్రతిసారీ డాక్టరు దగ్గరికే వెళితే, ఏ కుందేలైనా దాన్ని చూసి పారిపోక ఏం చేస్తుంది?

బయల్దేరే ముందు తిండి ఆపాలా?

ఆపకూడదు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. కుక్కకి వాంతి అవుతుందని ప్రయాణానికి ముందు తిండి తగ్గిస్తారు. కుందేలు వాంతి చేసుకోలేదు, దాని ఒంటి నిర్మాణమే అలాంటిది. పైగా దాని పేగులు నిరంతరం కదులుతూ ఉండాలి. పీచు లోపలికి వస్తూ ఉంటేనే ఆ కదలిక సాగుతుంది. భయం, నీళ్లు తక్కువ కావడం, తిండి ఆగడం మూడూ కలిస్తే పేగులు మందగిస్తాయి, గ్యాసు పట్టి నొప్పి పుడుతుంది, నొప్పికి ఇంకా తినదు. దీన్నే డాక్టర్లు జీఐ స్టేసిస్ అంటారు. ప్రయాణంలో కుందేళ్లకి వచ్చే అతి పెద్ద ముప్పు ఇదే.

కాబట్టి బయల్దేరే నిమిషం వరకూ, దారి పొడుగునా, చేరాక కూడా ఎండుగడ్డి ముందుండాలి. గడ్డిని జాలీ సంచిలో వేలాడదీయకండి, కాలి గోళ్లు ఇరుక్కుంటాయి. అడుగునే పరవండి. పెల్లెట్లు (గుళికల మేత) మామూలుగా పెట్టినన్నే పెట్టండి. భయపడుతోంది కదా అని పండు ముక్కలు, తీపి తినుబండారాలు ఎక్కువ పెడితే కడుపు ఇంకా పాడవుతుంది. కొత్త ఆకుకూర రుచి చూపించడానికి ప్రయాణపు రోజు సరైన రోజు కాదు.

మత్తు మందు ఇచ్చి పడుకోబెడితే సులువు కదా?

డాక్టరు చెప్పకుండా ఏదీ ఇవ్వకండి. మత్తులో ఒంటి వేడిని సరిచేసుకునే శక్తి తగ్గుతుంది, పేగులు మందగిస్తాయి, కుదుపులకి నిలదొక్కుకోలేదు. మరీ బెదిరిపోయే కుందేలైతే ముందుగానే డాక్టరుతో మాట్లాడండి. వెల్లకిలా తిప్పి కదలకుండా చేయడం కొందరికి ముచ్చటగా అనిపిస్తుంది. అలా బిగుసుకుపోవడం నిద్ర కాదు, భయం.

కారులో ఎక్కడ పెట్టాలి?

ముందు సీటు వెనక కాళ్లు పెట్టుకునే చోటు చిన్న క్యారియర్‌కి మంచిది. అక్కడ అది కదలదు, ఎండ తగలదు, చీకటిగా కూడా ఉంటుంది. పట్టకపోతే వెనక సీట్లో పెట్టి సీటు బెల్టు బిగించండి. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా వద్దు. డిక్కీ అసలే వద్దు. ఒళ్లో వదులుగా కూచోబెట్టుకోవడం ఎంత ముద్దుగా ఉన్నా, ఒక్క హారన్ మోతకి అది డ్రైవరు కాళ్ల మధ్యకి దూకగలదు.

పైన పలచని గుడ్డ సగం కప్పండి, గాలి ఆడే వైపు వదిలేయండి. పాటలు సన్నగా పెట్టుకోండి. కారులో వేలాడే సెంటు డబ్బాలు ఆ రోజుకి తీసేయండి, ఘాటు వాసనలు కుందేలు ఊపిరికి పడవు. మలుపుల్లో, బ్రేకుల్లో నిదానం చాలా ముఖ్యం. కారు సాఫీగా పోతున్నప్పుడు గుడ్డ కింద నుంచి కరకరమని గడ్డి నములుతున్న చప్పుడు వస్తుంది, గతుకులు రాగానే ఆగిపోతుంది. ఆ చప్పుడుకి చెవి ఒగ్గి నడిపితే వేగం ఎంత ఉండాలో అదే చెబుతుంది.

ఎండాకాలంలో తీసుకెళ్లొచ్చా?

వీలైతే వాయిదా వేయండి. చలిని కుందేలు బాగానే ఓర్చుకుంటుంది, వేడిని ఓర్చుకోలేదు. చెమట పట్టి చల్లబడే వీలు దానికి దాదాపు లేదు. కుక్కలా నాలుక చాపి రొప్పడం కూడా రాదు. వేడి ఎక్కువగా పోయేది చెవుల్లోని రక్తనాళాల ద్వారానే. 15 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ మధ్య హాయిగా ఉంటుంది. 26 దాటితే జాగ్రత్త పడాలి, 30 దాటితే ప్రమాదం. లావుగా ఉన్నవి, బొచ్చు ఎక్కువున్నవి, ముసలివి ఇంకా ముందే డీలా పడతాయి.

తప్పదనుకుంటే తెల్లవారకముందో, రాత్రో బయల్దేరండి. కుందేలును ఎక్కించకముందే ఏసీ వేసి కారు చల్లబరచండి, కానీ గాలి నేరుగా దాని మీదికి కొట్టకూడదు. నీళ్ల సీసా ఒకటి గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, క్యారియర్‌లో ఒకవైపే పెట్టండి. చల్లగా కావాలంటే ఆనుకుంటుంది, వద్దనుకుంటే జరిగిపోతుంది.

చెవులు కాలిపోతున్నట్టుండి, ఎగశ్వాస పెట్టి, చొంగ కారుస్తూ, తల వాల్చేస్తే అది వడదెబ్బ. వెంటనే నీడకి మార్చి, మామూలు చల్లటి నీళ్లలో ముంచిన గుడ్డతో చెవులు తడపండి, గాలి విసరండి, డాక్టరు దగ్గరికి బయల్దేరండి. ఐసు నీళ్లలో ముంచకండి, ఒంటికి ఒక్కసారిగా షాక్ తగులుతుంది.

ఐదు నిమిషాలు కారులో వదిలి టీ తాగి రావచ్చా?

వద్దు. బయట 21 డిగ్రీలే ఉన్నా మూసిన కారులో పది నిమిషాల్లో 30 దాటుతుంది, అరగంటలో 40కి దగ్గరవుతుంది. అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. ఇద్దరుంటే ఒకరు కారులో ఉండండి. ఒక్కరే అయితే క్యారియర్ చేత్తో పట్టుకునే దిగండి.

దారిలో నీళ్లు ఎలా పట్టాలి?

కదిలే బండిలో గిన్నె ఒలికి పరుపంతా తడుస్తుంది. తడి పరుపు మీద గంటల తరబడి కూచుంటే చర్మం పాడవుతుంది. రెండు మూడు గంటలకోసారి బండి ఆపి, ఇంట్లో తాగే గిన్నెలోనే నీళ్లు పెట్టి, కాసేపు కదలకుండా ఎదురుచూడండి. చాలా కుందేళ్లు తాగవు, కంగారు పడకండి. కొత్తిమీరో, అలవాటైన మరో ఆకో బాగా కడిగి, నీళ్లు దులపకుండా ఇస్తే తిండీ నీళ్లూ రెండూ వెళ్తాయి. కొన్ని కుందేళ్లు నీటి రుచి మారితే ముట్టవు, అందుకే ఇంటి నీళ్లే సీసాలో పట్టుకెళ్లడం మంచిది.

మధ్యలో ఆపి పచ్చికలో కాసేపు వదలొచ్చా?

దయచేసి వద్దు. హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) ఉన్నా సరే, తెలియని చోట ఒక కుక్క మొరిగితే అది మెలికలు తిరిగి జారుకుంటుంది, మళ్లీ దొరకడం కష్టం. ఆ పచ్చిక మీద ఏ మందు కొట్టారో, ఏ అడవి కుందేలు తిరిగిందో మనకి తెలీదు. కాళ్లు సాగదీయాలనుకుంటే తలుపులన్నీ మూసిన కారులో, క్యారియర్ తలుపు తెరిచి కాసేపు ఉంచండి. బయటికి రాకపోతే దాని ఇష్టం.

రైలు, బస్సు, బైకు?

రైలు, బస్సు నిబంధనలు దేశానికీ సంస్థకీ మారతాయి కాబట్టి టికెట్ కొనకముందే అడిగి తెలుసుకోండి. ఎక్కాక క్యారియర్‌ను ఒళ్లోనో కాళ్ల దగ్గరో పెట్టుకోండి, పైన సామాన్ల అరలో వద్దు. తోటి ప్రయాణికుల పిల్లలు చూస్తామంటారు, గుడ్డ తీయకుండా నవ్వుతూనే వద్దని చెప్పండి. బైకు మీద శబ్దం, గాలి, కుదుపు మూడూ ఎక్కువే. వేరే దారి లేక డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే, వెనక కూచున్నవాళ్లు క్యారియర్‌ను రెండు చేతులా ఒళ్లో పట్టుకోవాలి. హ్యాండిల్‌కి తగిలించడం, కాళ్ల మధ్య ఇరికించడం కుదరదు.

విమానంలో తీసుకెళ్లొచ్చా?

కుక్కనీ పిల్లినీ క్యాబిన్‌లోకి రానిచ్చే విమాన సంస్థల్లో చాలావాటికి కుందేలు సమ్మతం కాదు. కార్గోలో పంపితే పెట్టె ఎలా ఉండాలో విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ వారి జీవజంతు రవాణా నిబంధనలు చెబుతాయి. కానీ శబ్దం, వేడి, గంటల తరబడి ఎవరూ చూడని నిరీక్షణ, ఇవన్నీ కుందేలుకి పడవు. శాశ్వతంగా దేశం మారుతున్నవాళ్లు తప్ప ఎవరూ ఆ దారి పట్టకపోతే మంచిదని నా మాట.

దేశం మారేవాళ్లు టికెట్ కంటే ముందు ఆ దేశపు చట్టం చూడాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రంలో కుందేలును ఇంట్లో పెంచుకోవడమే నేరం. ఇంద్రజాలికులు, పరిశోధకుల వంటి కొద్దిమందికే అనుమతి ఇస్తారు. ఇంకొన్ని చోట్ల క్వారంటైన్, ఆరోగ్య పత్రం, ముందస్తు అనుమతి అడుగుతారు. ఈ కాగితాలకి నెలలు పట్టొచ్చు.

టీకాలు అవసరమా?

కుందేళ్లని చంపే వైరస్ జబ్బులు ప్రధానంగా రెండు. ఒకటి మిక్సోమటోసిస్, దోమల్లాంటి రక్తం పీల్చే పురుగులు మోసుకొస్తాయి. రెండోది ఆర్‌హెచ్‌డీ, అంటే కుందేళ్లకి ఒంట్లో రక్తస్రావం తెచ్చే జబ్బు, 1984లో చైనాలో బయటపడింది. దాని రెండో రకం 2010లో ఫ్రాన్స్‌లో కనబడి చాలా దేశాలకి పాకింది. ఇది చెప్పులకి, గడ్డికి, బట్టలకి అంటుకుని కూడా వస్తుంది. ముందు రోజు బాగున్న కుందేలు మర్నాటికి చనిపోవచ్చు. మీ దగ్గర, మీరు వెళ్లే చోట టీకా దొరికితే ముందే వేయించండి. రక్షణ రావడానికి వారాలు పడుతుంది, కొన్నింటికి రెండో డోసు కూడా ఉంటుంది. బయల్దేరే ముందు రోజు వేయిస్తే ఫలితం ఉండదు.

రెండు కుందేళ్లుంటే ఒకే క్యారియర్‌లో పెట్టొచ్చా?

జతకట్టి కలిసి ఉంటున్నవైతే ఒకే దాంట్లో పెట్టాలి. ఒకదానికొకటి ఆనుకుని కూచుంటే రెండింటికీ ధైర్యం. ఇంకా సఖ్యత కుదరనివైతే వేరువేరుగా. డాక్టరు పని ఒకదానికే ఉన్నా రెండింటినీ తీసుకెళ్లండి. ఒకటే వెళ్లొస్తే ఆసుపత్రి వాసన మోసుకొస్తుంది, ఇంట్లో ఉన్నది దాన్ని గుర్తుపట్టనట్టు మీదపడి కరిచిన సందర్భాలు ఉంటాయి.

భయపడుతోందా, నిశ్చింతగా ఉందా? ఎలా తెలుస్తుంది?

కదలకుండా కూచుంటే నిశ్చింతగా ఉందనుకోకండి. చెవులు వీపుకి అతుక్కుని, కళ్లు పెద్దవై తెల్లగుడ్డు కనబడుతూ, ఒళ్లు బిగుసుకుని ఉంటే అది భయం. వెనక కాలు టప్‌మని నేలకి కొడితే హెచ్చరిక. కాళ్లు పక్కకి చాపి, కళ్లు సగం మూసి, ముక్కు నెమ్మదిగా ఆడిస్తుంటే కుదుటపడినట్టు.

పళ్ల చప్పుడు రెండు రకాలు. తల నిమిరినప్పుడు వచ్చే సన్నని టకటక సంతోషం. ఒళ్లు ముడుచుకుని గట్టిగా కొరుకుతున్నట్టు వస్తే నొప్పి. ఊపిరి నిమిషానికి 30 నుంచి 60 సార్లు మామూలు. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే మాత్రం ఒక్క క్షణం ఆలోచించకండి. కుందేలు ముక్కుతోనే ఊపిరి పీల్చే ప్రాణి, నోరు తెరిచిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే.

తినడం మానేసింది. ఎంతసేపు చూడాలి?

బండి కదులుతున్నప్పుడు గంటా రెండు గంటలు తినకపోవడం మామూలే. చేరి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెట్టాక రెండు మూడు గంటల్లో గడ్డి ముట్టాలి. బాగా ఇష్టమైన ఆకు ముక్కు దగ్గర పెట్టినా మొహం తిప్పుకుంటే డాక్టరుకి ఫోన్ చేయండి. పది పన్నెండు గంటలు ఏమీ తినకపోతే, పెంటికలు పడకపోతే అర్ధరాత్రైనా సరే అది ఎమర్జెన్సీ.

పెంటికల తీరు కూడా చూడండి. గుండ్రంగా, లేత గోధుమ రంగులో, చిదిమితే గడ్డి పొడిలా రాలితే బాగున్నట్టు. చిన్నవై, నల్లబడి, ఒక్కోటి ఒక్కో ఆకారంలో ఉంటే పేగులు మందగిస్తున్నాయి. మెత్తగా, మెరుస్తూ, గుత్తిలా ఉన్నవి కనబడితే బెదరకండి. వాటిని కుందేలు మామూలుగా నేరుగా తినేస్తుంది, కంగారులో వదిలేసి ఉంటుంది.

కొత్త ఊళ్లో డాక్టరు అవసరమైతే?

బయల్దేరకముందే వెతికి పెట్టుకోండి. కుక్కలూ పిల్లులూ చూసే డాక్టర్లందరికీ కుందేళ్ల వైద్యం అలవాటు ఉండదు. ఫోన్ చేసి “కుందేళ్లను చూస్తారా, రాత్రిపూట ఉంటారా” అని సూటిగా అడగండి. మీకూ రెండు విషయాలు తెలిసి ఉండాలి. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణాపాయం వస్తుంది. కుక్కల గోమార్లకి వాడే ఫిప్రొనిల్ కుందేళ్లకి విషం. ఎవరైనా ఇవి రాస్తే మర్యాదగానే అడగండి, మొహమాటపడకండి.

వెంట ఏమేం ఉండాలి?

ప్రయాణం ఎన్ని గంటలో దానికి రెట్టింపు ఎండుగడ్డి, రోజూ తినే పెల్లెట్లు, ఇంటి నీళ్లు, మార్చడానికి రెండు తువ్వాళ్లు, అడుగున వేసే ప్యాడ్లు, చెత్త సంచి. డాక్టరును అడిగి క్రిటికల్ కేర్ పొడి (తినలేని కుందేలుకి నీళ్లలో కలిపి తాగించే మేత), సూది లేని సిరంజీ పెట్టుకుంటే కష్టకాలంలో ఆదుకుంటాయి. ఎలా తాగించాలో ముందే చూపించమనండి. పేగు మూసుకుపోయి కడుపు ఉబ్బి ఉంటే బలవంతంగా తాగించడం హాని చేస్తుంది కాబట్టి, ఫోన్‌లో అడిగాకే మొదలుపెట్టాలి. మైక్రోచిప్ లేకపోతే వేయించండి. ఫోన్‌లో కుందేలు ఫొటో ఒకటి స్పష్టంగా ఉంచండి.

చేరాక గదిలో వెంటనే వదిలేయొచ్చా?

ముందు మీరు నేల మీద కూచుని చూడండి. దాని ఎత్తు నుంచి చూస్తేనే మంచం కింద వేలాడే ఛార్జర్ వైరు, సోఫా వెనక చెయ్యి పట్టని సందు, చీమల మందు కనబడతాయి. మడత కంచె ఉంటే గది మూలలో బిగించి, ఇంటి నుంచి తెచ్చిన ట్రేలో వాడిన లిటర్ (మలమూత్రాల ట్రేలో పరిచేది) గుప్పెడు వేయండి. ఆ వాసన ఉంటే కొత్త చోటైనా ట్రే వెతుక్కోకుండా అక్కడికే వెళ్తుంది. క్యారియర్ తలుపు తెరిచి ఆ కంచెలోనే ఉంచండి, కుందేలును మీరు బయటికి తీయకండి. దానికది వస్తుంది. వచ్చినవాళ్లందరూ ఎత్తుకోవడం మర్నాటికి పెట్టుకోవచ్చు. ఇంట్లో కుక్క ఉంటే అది ఎంత సాధువైనా వేరే గదిలో ఉండాలి.

ఇంటికి తిరిగొచ్చాక ఏం చూడాలి?

రెండు రోజులపాటు తిండి, నీళ్లు, పెంటికలు గమనించండి. అలసట ప్రభావం ఒక్కోసారి చేరిన మర్నాడు బయటపడుతుంది. ఒళ్లంతా చేత్తో తడిమి, తోక కింద తడిగా ఉందేమో చూడండి. తడిసి ఉంటే తుడిచి పూర్తిగా ఆరబెట్టండి, ఈగలు గుడ్లు పెట్టేది అక్కడే. స్నానం మాత్రం చేయించకండి. క్యారియర్ కడిగి ఎండలో ఆరాక అటక మీదికి ఎక్కించకుండా, తలుపు తెరిచి, గడ్డి వేసి మళ్లీ గది మూలలోనే ఉంచండి.